సిగరెట్ వదిలి వేప్‌కి (ఈ-సిగరెట్‌కి) మారాక నాలుక పీకుతుంటే ఏం చేయాలి?

"వేప్ కొన్నానన్నా, రెండు మూడు రోజులు బాగానే గడిచింది, తర్వాత ఓ నైట్ షిఫ్ట్ అయ్యాక మళ్లీ సిగరెట్ ముట్టించేశాను, నాకు వేప్ పడదేమో." యూకేలో మన కుర్రాళ్ల దగ్గర ఈ మాట వినీ వినీ, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నాను. వేప్ పడకపోవడం అనేది చాలా అరుదు. మామూలుగా జరిగేదేమిటంటే నికోటిన్ సరిపోదు, లేదా పీల్చే పద్ధతి తప్పుగా ఉంటుంది, లేదా యావ వచ్చేది నికోటిన్ కోసం కాదు, ఆ చోటు కోసం, ఆ మనుషుల కోసం. ఈ మూడింటికీ మందు వేరువేరు.

ముందే కొన్ని మాటలు. ఇదంతా వేప్ చట్టబద్ధంగా దొరికే యూకేలో ఉండి, ఇప్పటికే సిగరెట్ తాగుతున్న పెద్దవాళ్ల కోసం. ఇండియాలో 2019 చట్టంతో వేప్‌ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం, దాని సంగతి చివర్లో చెప్తాను. సిగరెట్ అలవాటే లేనివాళ్లు వేప్ జోలికి రావద్దు, సరదాకి కూడా. సిగరెట్‌తో పోలిస్తే హాని బాగా తక్కువ అన్నారు గానీ, హాని లేదని ఎవరూ అనలేదు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు జీపీతో, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌తో మాట్లాడండి.

కావలసినవి

- లిక్విడ్ నింపుకొనే చిన్న పాడ్ కిట్ ఒకటి. నోట్లోకి లాగి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి దించే రకం, అంటే సిగరెట్ లాగినట్టే లాగేది. కాయిల్ (లిక్విడ్‌ని వేడి చేసి ఆవిరి చేసే చిన్న భాగం) మీద 0.8 ఓమ్ నుంచి 1.2 ఓమ్ మధ్య అంకె ఉంటే చాలు.
- నికోటిన్ సాల్ట్ లిక్విడ్, 10 ఎంఎల్ సీసాలు రెండు. ఒకటి టొబాకో రుచి, ఇంకోటి పుదీనా గానీ పండ్ల రుచి గానీ. ఒక్క రుచే కొంటే నాలుగు రోజుల్లో మొహం మొత్తుతుంది.
- కాయిల్స్ గానీ పాడ్‌లు గానీ అదనంగా రెండు. ఇది మర్చిపోవద్దు, ఆదివారం సాయంత్రం కాయిల్ మాడిపోయి షాపులు మూసేసి ఉంటే మీ చేయి వెళ్లేది సిగరెట్ ప్యాకెట్ దగ్గరికే.
- నికోటిన్ గమ్ ఒక ప్యాకెట్. వేప్ వాడకూడని చోట్ల పనికొస్తుంది.
- సోంపు, లవంగాలు, యాలకులు. నవ్వకండి, కింద చెప్తాను.

డిస్పోజబుల్ (ఒకసారి అయిపోగానే పారేసే వేప్) వద్దు. 2025 జూన్ 1 నుంచి యూకేలో వాటి అమ్మకమే నిషేధం. అయినా కొన్ని కార్నర్ షాపుల్లో కౌంటర్ కింద నుంచి తీసిస్తుంటారు. చట్టం ప్రకారం లిక్విడ్‌లో నికోటిన్ ఎంఎల్‌కి 20 ఎంజీ దాటకూడదు, ట్యాంక్ 2 ఎంఎల్ మించకూడదు, సీసా 10 ఎంఎల్ మించకూడదు. దీనికి పొంతన లేని సరుకు కనిపిస్తే అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు, అక్కడ పెట్టేసి వచ్చేయండి.

1. నికోటిన్ స్ట్రెంత్ దగ్గర పిసినారితనం వద్దు

అందరూ చేసే మొదటి పొరపాటు ఇదే. "మానేద్దామనే కదా మారుతున్నాను, మరి తక్కువతో మొదలుపెడదాం" అని 3 ఎంజీ లిక్విడ్ కొంటారు. రోజుకి పదిహేను, ఇరవై సిగరెట్లు తాగే ఒంటికి అది ఏ మూలకి? రోజంతా ఆ పరికరం నోట్లోంచి తీయరు, అయినా చిరాకు తగ్గదు, సాయంత్రానికి సిగరెట్ కొంటారు.

రోజుకి ఇరవై దాకా తాగేవాళ్లు, లేదా నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది ముట్టించేవాళ్లు 20 ఎంజీ సాల్ట్‌తో మొదలుపెట్టండి. పది లోపు తాగేవాళ్లకి 10 లేదా 12 ఎంజీ సరిపోవచ్చు. చుట్టుకునే పొగాకు తాగేవాళ్లు తమ లెక్క తక్కువ చెప్తారు, సన్నగా చుడతారు కదా అని. మీరు నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది కావాలో చూసుకోండి, సంఖ్య కంటే అదే నమ్మకమైన కొలత.

సాల్ట్ ఎందుకంటే ఎక్కువ స్ట్రెంత్‌లో కూడా గొంతు మండించదు. మామూలు లిక్విడ్ 18 ఎంజీ అయితే కొందరికి మొదటి పఫ్‌కే దగ్గొస్తుంది. గొంతులో సిగరెట్ లాంటి ఆ దెబ్బ తగలాల్సిందే అనేవాళ్లకి మాత్రం మామూలు లిక్విడ్ 12 ఎంజీ నచ్చుతుంది. ప్రయత్నించి చూడండి.

హెచ్చరిక: మేఘాల్లా పొగ వదిలే పెద్ద కిట్‌లో 20 ఎంజీ ఎప్పుడూ పోయొద్దు. ఒక్కో పఫ్‌కి ఆవిరి చాలా ఎక్కువ వస్తుంది కాబట్టి నికోటిన్ కూడా అంతే వస్తుంది, తల తిరిగి కూర్చుండిపోతారు.

2. కాయిల్‌ని నాననివ్వండి

కొత్త కాయిల్ చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూస్తే చిన్న చిన్న కంతల్లో తెల్లటి దూది కనిపిస్తుంది. ప్రతి కంత మీదా ఒక్కో చుక్క లిక్విడ్ వేయండి, దూది తెలుపు పోయి తడి రంగు వచ్చేదాకా. తర్వాత పాడ్ నింపి పది నిమిషాలు పక్కన పెట్టండి. ఆ పది నిమిషాలు ఆగలేక పొడి దూది మీదే బటన్ నొక్కితే అది మాడిపోతుంది, ఇక ఆ కాయిల్‌కి మాడు వాసన పోదు, పారేయడమే. వేప్ రుచి అసహ్యంగా ఉంటుందని చెప్పేవాళ్లలో సగం మంది పీల్చింది మాడిన దూదినే.

పాడ్‌లోనే కాయిల్ కలిసి వచ్చే రకమైతే చుక్కలు వేయడం కుదరదు, నింపి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి, అంతే.

3. సిగరెట్ పీల్చినంత గట్టిగా పీల్చకండి

సిగరెట్ అయితే గట్టిగా, గబగబా దమ్ము లాగుతాం. వేప్‌ని అలా లాగితే లిక్విడ్ కాయిల్‌లోకి పొంగి గురగురమంటుంది, చేదు చుక్క నోట్లోకి వస్తుంది. వేడి వేడి చాయ్ చప్పరించినట్టు నెమ్మదిగా, మూడు నాలుగు సెకన్లు లాగండి, నోట్లో ఒక్క క్షణం ఉంచి లోపలికి తీసుకోండి. అర నిమిషం ఆగి ఇంకోటి.

ఇంకో సంగతి. సిగరెట్ ముట్టిస్తే అయిపోయేదాకా తాగుతాం, తర్వాత గంటసేపు దాని ఊసుండదు. వేప్‌కి అలాంటి మొదలూ చివరా లేవు. రెండు మూడు పఫ్‌లు లాగి జేబులో పెట్టుకోవడం, కాసేపయ్యాక మళ్లీ రెండు, ఇలాగే వాడాలి. సిగరెట్ తాగితే నికోటిన్ పది సెకన్లలో మెదడుకి చేరుతుంది, వేప్ కొత్తగా పట్టినవాళ్లకి అంత వేగంగా చేరదు. అందుకే రెండు పఫ్‌లకే హాయి రాలేదని నిరాశపడి పక్కన పడేస్తారు. ఐదు నిమిషాలు టైం ఇవ్వండి.

4. యావ రాకముందే లాగండి

నాలుక పీకడం మొదలయ్యాక వేప్ వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. మీ సిగరెట్ టైమింగ్స్ మీకు నోటికి వచ్చు: లేవగానే, బస్ స్టాప్‌లో, బ్రేక్‌లో, తిన్నాక, పడుకునే ముందు. ఆ టైంకి పది నిమిషాల ముందే మూడు నాలుగు పఫ్‌లు తీసుకోండి. ముఖ్యంగా పొద్దున. రాత్రంతా నికోటిన్ లేక ఒళ్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఛార్జ్ పెట్టి నింపిన వేప్ లేవగానే చేతికి అందేలా ఉండాలి. సిగరెట్ ప్యాకెట్ గదిలో ఉండనే కూడదు.

మంచం మీద, దిండు కింద రాత్రంతా ఛార్జింగ్ పెట్టొద్దు. మెలకువగా ఉన్నప్పుడు, గట్టి బల్ల మీద, దానితో వచ్చిన కేబుల్‌తోనే పెట్టండి.

5. చోటుని బట్టి వచ్చే యావ వేరు

ఇక్కడే ఎక్కువ మంది జారిపోతారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

శనివారం రాత్రి, షేరింగ్ ఇల్లు, ఐదారుగురు కలిసి బిర్యానీ వండుకుని తిన్నారు. ప్లేట్లు సింక్‌లో పడగానే ఇద్దరు జాకెట్లు వేసుకుని వెనక తలుపు తీస్తారు. ఎవరూ పిలవరు, కానీ మీ కాళ్లు వాటంతట అవే లేస్తాయి. అక్కడ చలిలో నిలబడి హైదరాబాద్ కబుర్లు చెప్పుకోవడం, లైటర్ చేతులు మారడం, ఊరి నుంచి వచ్చినవాడు తెచ్చిన గోల్డ్ ఫ్లేక్ ప్యాకెట్ గోడ మీద తెరిచి పెట్టి ఉండడం. మీ ఒంట్లో నికోటిన్ నిండుగా ఉన్నా సరే చేయి అటే పోతుంది.

దీనికి నికోటిన్ పెంచినా లాభం లేదు. ఇలా చేయండి:

- మొదటి రెండు వారాలు ఆ గుంపులోకి వెళ్లకండి. వెళ్లక తప్పదంటే వేప్ చేతిలో పట్టుకునే వెళ్లండి, జేబులో కాదు. ఖాళీ చేతికి సిగరెట్ అందిస్తారు, నిండు చేతికి అందించరు.
- తిన్న వెంటనే సోంపు, లవంగం నోట్లో వేసుకోండి, లేదా పళ్లు తోముకోండి. నోటికి ఏదో ఒక ముగింపు కావాలి, ఇన్నాళ్లూ ఆ ముగింపు సిగరెట్ ఇచ్చేది.
- "మానేశాను" అని చెప్పడానికి మొహమాటమైతే "వేప్‌కి మారాను, నాకు ఇవ్వకు" అని రూమ్‌మేట్స్‌కి ముందే చెప్పండి. "ఒక్కటే కదరా" అనేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, వాడికి రెండుసార్లు చెప్పండి.
- మందు పార్టీకి మొదటి నెల దూరంగా ఉంటే మంచిది. రెండో పెగ్ తర్వాత పైన రాసినవేవీ గుర్తుండవు.

వేర్‌హౌస్‌లో, కేర్ హోమ్‌లో పని చేసేవాళ్లకి బ్రేక్ సమస్య. సిగరెట్ తాగేవాళ్లతో బయటికి వెళ్తేనే బ్రేక్ దక్కినట్టు ఉంటుంది కదా. బ్రేక్ వదులుకోకండి, చోటు మార్చండి: బిల్డింగ్‌కి ఇంకో వైపు వెళ్లి వేప్ లాగి, ఇంటికి ఓ ఫోన్ కొట్టి రండి. లోపల వేప్ వాడనిస్తారో లేదో మేనేజర్ని అడగండి, చాలాచోట్ల వాడనివ్వరు.

6. ఆ ఐదు నిమిషాలు

గట్టిగా వచ్చిన యావ ఒక్కోసారి ప్రాణం పీకేస్తున్నట్టే ఉంటుంది గానీ మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టండి. మూడు పఫ్‌లు, ఒక గ్లాసు చల్లటి నీళ్లు, ఉన్నచోటు నుంచి లేచి వేరే గదికో మెట్ల మీదికో నడవడం. టైమర్ మోగాక కూడా అంతే గట్టిగా ఉంటే ఇంకో మూడు పఫ్‌లు. ఇది రోజులో ఐదారుసార్లకి మించి జరుగుతుంటే తప్పు మీ మనసుది కాదు, స్ట్రెంత్‌ది, ఒకటో స్టెప్‌కి వెళ్లండి.

మొదటి వారం కష్టం, అందులోనూ మొదటి రెండు మూడు రోజులు. నికోటిన్ సరిపడా అందుతున్నా కూడా కొంత చిరాకు ఉంటుంది, ఎందుకంటే పొగాకు పొగలో అలవాటును పెంచే పదార్థాలు నికోటిన్ కాక వేరేవి కూడా ఉన్నాయి. మూడు నాలుగు వారాలకి చాలావరకు సర్దుకుంటుంది.

7. చాలకపోతే ప్యాచ్ కలపండి

వేప్‌తో పాటు నికోటిన్ ప్యాచ్ (చర్మం మీద అంటించుకునే పట్టీ) వాడొచ్చా అని భయపడుతూ అడుగుతుంటారు. వాడొచ్చు, ఎన్‌హెచ్‌ఎస్ (యూకే ప్రభుత్వ వైద్య సేవ) కూడా అదే చెప్తుంది. ప్యాచ్ రోజంతా సన్నగా నికోటిన్ ఇస్తూ ఉంటుంది, మధ్యలో వచ్చే యావకి వేప్. గమ్ అయితే బబుల్‌గమ్‌లా నమలొద్దు: నాలుగైదుసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గ పక్కన పెట్టేయండి, చురుకు తగ్గాక మళ్లీ నమలండి. అంతకు పావుగంట ముందు టీ, కాఫీ, జ్యూస్ తాగితే అది సరిగ్గా పనిచేయదు.

దగ్గర్లోని స్టాప్ స్మోకింగ్ సర్వీస్ (సిగరెట్ మానడానికి సాయం చేసే చోటు) ఉచితం, మనవాళ్లెవరూ వాడుకోరు. 2023లో ఇంగ్లండ్‌లో ప్రకటించిన 'స్వాప్ టు స్టాప్' పథకం కింద వేప్ కిట్ ఉచితంగా ఇచ్చిన కౌన్సిళ్లు ఉన్నాయి, మీ దగ్గర ఉందేమో అడగండి. ఇంగ్లండ్ హెల్ప్‌లైన్ 0300 123 1044. ఊరికే అంటున్నది కాదు: 2019లో వచ్చిన ఓ బ్రిటిష్ అధ్యయనంలో 886 మందికి సాయం అందిస్తూ చూస్తే, ఏడాది తర్వాత సిగరెట్‌కి దూరంగా ఉన్నవాళ్లు వేప్ గ్రూపులో 18 శాతం, ప్యాచ్, గమ్ లాంటివి వాడిన గ్రూపులో 9.9 శాతం. రెండు గ్రూపులకీ వారం వారం కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ మాట్లాడటాన్ని తక్కువగా చూడొద్దు.

తరచూ జరిగే పొరపాట్లు

*రెండూ కలిపి తాగడం.* "ఇరవై నుంచి మూడుకి తగ్గించాను" అని సంబరపడి అక్కడే ఆగిపోతారు. గుండె విషయంలో ఆ లెక్క కుదరదు: రోజుకి ఒక్క సిగరెట్ తాగినా, ఇరవై తాగితే పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. మొదటి వారం రెండు వారాలు కలిపి వాడితే తప్పు లేదు, కానీ చివరి సిగరెట్‌కి ఓ తేదీ పెట్టుకుని ఆ రాత్రి మిగిలినవి నీళ్లలో ముంచి పారేయండి.

*పాత లెక్కలోనే కాఫీ తాగడం.* ఇది చాలామందికి తెలియదు. సిగరెట్ పొగ వల్ల లివర్ కెఫీన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. పొగ ఆగాక అదే నాలుగు కాఫీలు ఒంట్లో ఎక్కువసేపు ఉండి చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, టెన్షన్. వేప్ పడలేదనో, సిగరెట్ లేక ఇలా అయిందనో అనుకుంటారు. కాఫీ, టీ సగానికి తగ్గించి చూడండి. ఇదే కారణంతో క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు సిగరెట్ ఆపేముందు డాక్టర్‌కి చెప్పి తీరాలి, డోసు మార్చాల్సి రావచ్చు.

*దగ్గు రాగానే భయపడటం.* మొదటి వారాల్లో దగ్గు, నోట్లో పుండ్లు, మలబద్ధకం సిగరెట్ మానినవాళ్లకి మామూలే. నీళ్లు ఎక్కువ తాగండి. ఛాతీ నొప్పి, ఆయాసం, రక్తం కనిపించడం మాత్రం మామూలు కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

*సీసా ఎక్కడపడితే అక్కడ పెట్టడం.* ఇంట్లో పిల్లలుంటే లిక్విడ్ తాళం వేసి పెట్టండి. మింగితే విషమే.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

స్ట్రెంత్ తక్కువైతే: పఫ్‌లు లాగిన పది నిమిషాలకే మళ్లీ సిగరెట్ గుర్తొస్తుంది, రోజంతా పీలుస్తూనే ఉంటారు, అందరి మీదా విసుక్కుంటారు. ఎక్కువైతే: తల తిరగడం, వికారం, ఎక్కిళ్లు, గుండె దడ. అప్పుడు ఆపి, నీళ్లు తాగి బయటి గాలికి కూర్చోండి, తగ్గాక పఫ్‌ల మధ్య ఎడం పెంచండి, అయినా వస్తుంటే ఒక మెట్టు తక్కువ స్ట్రెంత్ కొనండి. రెండూ లేకుండా అరగంట, ముప్పావుగంట సిగరెట్ ఊసే లేకుండా పని చేసుకోగలుగుతుంటే సరిగ్గా కుదిరినట్టు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే స్టాప్ స్మోకింగ్ సర్వీస్‌లో చిన్న మిషన్‌లోకి ఊదమంటారు. అది ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తుంది, సిగరెట్ తాగేవాళ్లకి ఎక్కువగా ఉంటుంది, పది కంటే తక్కువ వస్తే తాగనట్టు లెక్క. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి దానివల్ల ఆ అంకె పెరగదు. సిగరెట్ ఆపిన రెండు రోజుల్లోనే అంకె పడిపోవడం కళ్లారా చూస్తే వచ్చే హుషారు వేరు.

ఓ రోజు తప్పి ఒక సిగరెట్ తాగేశారనుకోండి. ప్యాకెట్ కొనకండి, అంతే. ఏ టైంలో, ఎవరితో ఉన్నప్పుడు జరిగిందో చూసుకుంటే పై స్టెప్పుల్లో ఏది వదిలేశారో తెలిసిపోతుంది.

స్ట్రెంత్ తగ్గించడం ఎప్పుడు?

తొందర వద్దు. కనీసం రెండు మూడు నెలలు సిగరెట్ ముట్టకుండా ఉన్నాక 20 నుంచి 10కి, అక్కడ కుదురుకున్నాక 5కి. తగ్గించగానే పఫ్‌లు రెట్టింపయినా, సిగరెట్ కలలోకి వస్తున్నా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి, సిగ్గేం లేదు. వేప్ కూడా మానేయడమే అసలు లక్ష్యం, కాకపోతే సిగరెట్‌కి తిరిగి వెళ్లేంత తొందరలో కాదు.

ఇండియా వెళ్తున్నప్పుడు

సెలవులకి వెళ్తూ సూట్‌కేస్‌లో వేప్ పెట్టుకోవద్దు, క్యాబిన్ బ్యాగ్‌లో కూడా వద్దు. దిగుమతి నేరం కింద మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దోహాలోనో సింగపూర్‌లోనో విమానం మారేవాళ్లకి అక్కడా నిషేధమే. బయల్దేరే వారం ముందు నుంచే ప్యాచ్, గమ్‌కి అలవాటు పడండి. అక్కడ 2 ఎంజీ నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. పెళ్లిళ్లు, పాత ఫ్రెండ్స్, కాలేజీ గేటు ఎదుట ఉన్న టీ కొట్టు, ఐదో స్టెప్‌లో రాసినవన్నీ అక్కడ రెట్టింపు ఉంటాయి కాబట్టి గమ్ జేబులో లేకుండా గడప దాటకండి. అక్కడ ఉన్నప్పుడు బాగా ఇబ్బందైతే సిగరెట్ ప్యాకెట్ల మీదే అచ్చు వేసే క్విట్‌లైన్ నంబర్ ఉంది, 1800-11-2356, కాల్ ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు.